కుడికి పోయే బంతి ఏం చెబుతోంది

గోల్ఫ్ కొత్తగా పట్టినవాళ్లలో చాలామందిది ఒకటే గోడు. సూటిగా కొట్టామనుకున్న బంతి కాస్త ఎడమగా బయల్దేరి, గాల్లో వంపు తిరిగి, కుడిపక్క చెట్లలోకి పోతుంది. ఆటలో దీని పేరు స్లైస్. (ఇది కుడిచేతి వాటం వాళ్ల సంగతి. ఎడమచేతి వాటం వాళ్లు ఈ అధ్యాయమంతా కుడిఎడమలు తారుమారు చేసి చదువుకోవాలి.) బంతి కుడికి పోతోంది కాబట్టి మర్నాడు ఆ మనిషి మరికాస్త ఎడమకి తిరిగి నిలబడతాడు. క్లబ్‌నూ ఎడమకే లాగి కొడతాడు. బంతి నిన్నటికంటే ఎక్కువ వంగుతుంది. మళ్లీ ఇంకాస్త ఎడమకి, మళ్లీ ఇంకాస్త వంపు. చివరికి మొదటికే మోసం వచ్చి, కోర్సు సరిహద్దు గోడకేసి గురిపెట్టి కొట్టే స్థితికి చేరుకుంటాడు.

అతని పట్టుదలకి లోటు లేదు. తప్పు ఎక్కడ పుట్టిందో వెతికే తీరులోనే ఉంది లోటంతా. బంతి కుడికి పడింది కాబట్టి మందు ఎడమవైపు ఉంటుందని అతను అనుకున్నాడు. అసలు జబ్బు ఏమిటంటే, క్లబ్ అప్పటికే ఎడమకి పోతోంది. ఆ మందు జబ్బునే పెంచింది.

క్లబ్, బంతి ఒకదాన్నొకటి తాకి ఉండే సమయం సెకనులో దాదాపు రెండువేలో వంతు. ఆ రెప్పపాటు కూడా కాని కాలంలో రెండు విషయాలు బంతి దారిని తేలుస్తాయి. ఒకటి, క్లబ్ ముఖం ఎటు చూస్తోంది అన్నది. రెండు, క్లబ్ ఎటు ప్రయాణిస్తోంది అన్నది. బంతి ఎటు బయల్దేరుతుందో చాలావరకు ముఖమే నిర్ణయిస్తుంది. క్లబ్‌ను బట్టి ఆ వాటా సుమారు నాలుగింట మూడు వంతుల నుంచి 85 శాతం దాకా ఉంటుంది. ఇక వంపు ముఖానికీ ప్రయాణానికీ మధ్య ఉన్న తేడా వల్ల పుడుతుంది. క్లబ్ ప్రయాణించే దారికంటే ముఖం కుడికి చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమకి చూస్తుంటే ఎడమకి వంగుతుంది.

చాలా ఏళ్లపాటు ఈ పాఠాన్ని తలకిందులుగా చెప్పారు. బంతి క్లబ్ దారిలో బయల్దేరి, ముఖం చూసే వైపుకి వంగుతుందని పుస్తకాలు రాశాయి, కోచ్‌లు బోధించారు. బ్రిటన్‌లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు పరిశోధనలు క్రోడీకరించి 1968లో తెచ్చిన పుస్తకంలో సరైన భౌతికశాస్త్రం ఉన్నా, ప్రాక్టీసు మైదానాల దాకా అది దిగలేదు. ఈ శతాబ్దం మొదట్లో డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మ్యాన్ రాడార్ యంత్రాలు వచ్చి, ప్రతి దెబ్బకీ ముఖం ఎన్ని డిగ్రీలు, దారి ఎన్ని డిగ్రీలు అని కళ్లముందు పెట్టాకే బోధన మారింది. పాత పాఠం ఇంకా చాలామంది నోళ్లలో ఉంది. ఎవరైనా సలహా ఇస్తే ముందు వాళ్లు ఏ పాఠం నమ్ముతున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

కాబట్టి స్వింగ్ మీద చెయ్యి వేసేముందు బంతి ఇచ్చే సాక్ష్యం తీసుకోవాలి. అందులో మూడు భాగాలున్నాయి. ఎటు బయల్దేరింది, ఎటు వంగింది, క్లబ్ ముఖం మీద ఎక్కడ తగిలింది. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోదాన్ని దాదాపు ఎవరూ చూడరు. అందరికంటే ముందు చూడాల్సింది దాన్నే.

ఎందుకంటే మూడోది తేలకపోతే మొదటి రెండూ అబద్ధం చెబుతాయి. డ్రైవర్ ముఖం వంపుగా ఉంటుంది. బంతి మడమవైపు, అంటే షాఫ్ట్‌కి దగ్గరగా తగిలితే, స్వింగ్ ఎంత చక్కగా ఉన్నా కుడికి వంగే తిరుగుడు దానికి అంటుకుంటుంది. ముఖం చివరన తగిలితే ఎడమకి. ఐరన్‌తో మరీ ఘోరం జరుగుతుంది. షాఫ్ట్ వచ్చి తలలో కలిసే గుండ్రటి మెడకి తగిలితే బంతి నేల బారుగా, ఒక్కసారిగా కుడికి ఎగిరిపోతుంది. దీన్ని షాంక్ అంటారు. కొత్తవాళ్లు దాన్నీ స్లైస్ అనే అనుకుని పట్టు మార్చుకుంటారు. షాంక్‌కి పట్టుతో సంబంధం తక్కువ. బంతికి మరీ దగ్గరగా నిలబడటం, దిగే స్వింగ్‌లో బరువు మునివేళ్ల మీదికి వాలి చేతులు బంతివైపు తోసుకుపోవడం దానికి సాధారణ కారణాలు.

తగిలిన చోటు తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. బడిలో తెల్లబోర్డు మీద రాసే మార్కర్‌తో బంతి వెనకభాగాన చిన్న చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్‌కి ఎదురుగా ఉండేలా అమర్చి కొడితే, క్లబ్ ముఖం మీద గుర్తు పడుతుంది. ప్రతి దెబ్బకీ తుడిచి, మళ్లీ పెట్టాలి. పది దెబ్బలకి గుర్తులు ఒక్కచోటే పడుతున్నాయా, చెదురుమదురుగా పడుతున్నాయా అన్నది పదకొండో దెబ్బకంటే విలువైన సమాచారం. చెదురుగా పడుతుంటే ఆ రోజుకి ముఖం, దారి సంగతి పక్కనపెట్టి, తగిలే చోటు కుదుటపడే దాకా సగం స్వింగులతో సరిపెట్టుకోవాలి.

చీరాల, వేటపాలెం మగ్గాల దగ్గర పెరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. గుడ్డ మీద పొడుగునా గీత కనిపిస్తే నేతగాడు పడుగునో అచ్చునో వెతుకుతాడు. అడ్డంగా కనిపిస్తే పేకనో, అచ్చు కొట్టిన దెబ్బనో వెతుకుతాడు. తప్పు గుడ్డ మీద కనిపిస్తుంది, పుట్టింది మాత్రం దానికంటే వెనకెక్కడో. గీత తీరును బట్టి ఎంత వెనక్కి పోయి వెతకాలో అతనికి తెలుసు.

గోల్ఫ్‌లో ఆ వెనక్కి పోవడం చాలాసార్లు క్లబ్ కదలకముందే ఆగుతుంది. పట్టు, నిలబడిన దిక్కు, బంతిని పెట్టుకున్న చోటు అనే మూడింట్లోనే సగం జబ్బులు దొరుకుతాయి. ఎడమచేతి పట్టు కిందికి చూస్తే పిడికిలి కణుపులు రెండు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తుంటే బంతిని తాకే వేళకి ముఖం కుడికి తెరుచుకునే అవకాశం ఎక్కువ. స్లైస్‌తో బాధపడేవాళ్లు రెండున్నర, మూడు కణుపులు కనిపించేలా చేతిని కుడికి తిప్పి పట్టుకుంటే చాలాసార్లు స్వింగ్ జోలికి పోనవసరమే ఉండదు. నిలబడిన దిక్కు తేల్చుకోవడానికి ఒక క్లబ్‌ను పాదాల ముందు నేల మీద పెట్టి, వెనక్కి వెళ్లి చూడాలి. సూటిగా నిలబడ్డామని ప్రమాణం చేసేవాళ్ల పాదాలు కూడా పక్కకే చూస్తుంటాయి. ఇక బంతి: డ్రైవర్‌కి ఎడమ మడమకి ఎదురుగా, 7 నంబర్ ఐరన్‌కి పాదాల నడిమికి కొద్దిగా ముందు. గోటితో పోయే చోట గొడ్డలి తీయకుండా ఉండాలంటే ఈ మూడూ ప్రతిసారీ చూసుకోవాలి.

బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతం నుంచి హైదరాబాద్‌కో అమెరికాకో ఉద్యోగాలకి వెళ్లి అక్కడ గోల్ఫ్ పట్టే యువకుల విషయంలో మరో మూలం వెతకాలి. అది క్రికెట్. చిన్నప్పటి నుంచి టెన్నిస్ బంతితో ఆడిన చేతులు బ్యాట్ పిడిని అరచేతిలో ఇముడ్చుకుని పట్టుకుంటాయి. గోల్ఫ్‌లో క్లబ్ ఎడమచేతి వేళ్ల మొదట్లో కూర్చోవాలి. అరచేతిలోకి పోతే మణికట్టు బిగుసుకుని, ముఖం మూసుకోవడానికి ఒప్పుకోదు. బంతి మీదికి ముందుకాలు వేసి తలనీ వెంట తీసుకుపోవడం క్రికెట్‌లో మంచి అలవాటు. ఇక్కడ ఆ తల జరుగుడు స్వింగ్ అడుగును ప్రతిసారీ వేరే చోటికి తీసుకుపోతుంది. క్రికెట్ ఆడినవాళ్లకి చేతి వేగం, కంటి చురుకు ముందే ఉంటాయి. 2024లో భారత వృత్తి గోల్ఫ్ టూర్ సంస్థకి అధ్యక్షుడైన కపిల్ దేవ్, రిటైరయ్యాక గోల్ఫ్‌ను ఎంత ఇష్టంగా ఆడాడో క్రీడాభిమానులకి తెలుసు. కానీ క్రికెట్ నుంచి తెచ్చుకున్న పట్టును మాత్రం బయటే విడిచి రావాలి.

ఇంతవరకూ తప్పు వెతకడం. అసలు చిక్కు కొత్త టెక్నిక్ నేర్చుకునేటప్పుడు మొదలవుతుంది. అక్కడ చాలామంది ఎందుకు ఓడిపోతారో లెక్కలతో చెబితేనే తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక స్లైస్ ఆటగాణ్ని తీసుకుందాం. అతని క్లబ్ గురికి 6 డిగ్రీలు ఎడమగా ప్రయాణిస్తుంది, ముఖం 2 డిగ్రీలు ఎడమగా చూస్తుంది. బంతి కాస్త ఎడమగా బయల్దేరుతుంది. ముఖం దారికంటే 4 డిగ్రీలు కుడిగా ఉంది కాబట్టి కుడికి వంగి, అదృష్టం బాగుంటే ఫెయిర్‌వే మీదే పడుతుంది. ఎన్నో నెలల ఆటలో అతని చేతులు ఈ 4 డిగ్రీల తెరుపును బాగా నేర్చుకున్నాయి. దారి ఎడమకి పోతోంది కాబట్టి ముఖం తెరిస్తేనే బంతి మైదానంలో ఉంటుందని అవి తమంతట తామే కనిపెట్టాయి.

ఇప్పుడు కోచ్ దారి సరిచేస్తాడు. క్లబ్‌ను లోపలి నుంచి దింపమంటాడు. శిష్యుడు కష్టపడి నేర్చుకుంటాడు. దారి ఇప్పుడు గురికి 3 డిగ్రీలు కుడిగా పోతుంది. చేతులు మాత్రం పాత పాఠమే చదువుతుంటాయి, దారికంటే 4 డిగ్రీలు తెరుస్తాయి. ముఖం ఇప్పుడు గురికి 7 డిగ్రీలు కుడిగా చూస్తోంది. 200 గజాల దెబ్బకి ఆ బయల్దేరిన దిక్కు ఒక్కటే బంతిని ఇరవై గజాలకి పైగా కుడికి తీసుకుపోతుంది. దాని మీద పాత వంపు. బంతి పక్క ఫెయిర్‌వే కూడా దాటిపోతుంది.

ఆ సాయంత్రం అతను ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. పాత స్వింగే నయం, కొత్తది తనకి పడదు, కోచ్‌కి తెలియదు. నిజానికి బంతి వేరే మాట చెప్పింది. వంపు నిన్న ఎంతో ఇవాళా అంతే. మారింది బయల్దేరిన దిక్కు. అంటే దారి బాగుపడింది, ముఖం ఇంకా బాగుపడలేదు. కొత్త టెక్నిక్ పనిచేస్తోంది. పాత తప్పును కప్పిపుచ్చడానికి పుట్టిన రెండో తప్పు ఒంటరిగా మిగిలిపోయి బయటపడింది. పట్టును కాస్త కుడికి తిప్పి ముఖాన్ని 1 డిగ్రీ దాకా తెచ్చుకుంటే, అదే దారిలో అదే బంతి కొద్దిగా కుడికి బయల్దేరి మెల్లగా గురికి తిరిగొస్తుంది. అతను స్వింగ్ మొత్తం పారేయబోయే చోట మిగిలింది ఒక్క పని.

తప్పులు ఇలా జంటలుగా బతుకుతాయి. పని నడుస్తున్న పాత స్వింగ్ దాదాపు ప్రతిదీ రెండు తప్పులు ఒకదాన్నొకటి మోసుకుంటూ నిలబడ్డదే. ఒకదాన్ని తీసేస్తే రెండోది కొన్నాళ్లు గట్టిగా అల్లరి చేస్తుంది. అందుకే సరిదిద్దుకుంటున్న ఆటగాడు మొదట్లో మునుపటికంటే అధ్వాన్నంగా ఆడతాడు. ఆ రోజుల్లో చూసుకోవాల్సింది ఒక్కటే: కొత్త తప్పు పాత తప్పు లాంటిదేనా, వేరే రకమా? ఎడమకి బయల్దేరే బంతి ఇప్పుడు కుడికి బయల్దేరుతుంటే ఏదో కదిలింది. పాత తప్పే పాత తీరులోనే వస్తుంటే, ఎంత కొత్తగా అనిపించినా ఏమీ మారలేదు.

ఈ లోయను దాటినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు టైగర్ వుడ్స్. 1997 ఏప్రిల్‌లో, 21 ఏళ్ల వయసులో, 12 స్ట్రోకుల తేడాతో మాస్టర్స్ గెలిచాడు. ఆ టోర్నీ టేపులు మళ్లీ చూసుకున్నాక అతనికి తన స్వింగ్ నచ్చలేదు. పైకెత్తినప్పుడు ముఖం మూసుకుపోతోంది, క్లబ్ గురిని దాటి అడ్డంగా పోతోంది, కిందికొచ్చేసరికి చేతుల టైమింగ్ కుదిరితేనే అంతా సర్దుకుంటోంది. అంటే అతనిదీ జంట తప్పులతో నిలబడ్డ స్వింగే, కాకపోతే ఆ టైమింగ్ అసాధారణమైనది. కోచ్ బుచ్ హార్మన్‌తో కూర్చుని మొత్తం విప్పి కట్టాడు. 1998లో అమెరికా పీజీఏ టూర్‌లో అతను గెలిచింది ఒకే ఒక్క టోర్నీ. పత్రికలు అనుమానపడ్డాయి. 1999 మే నెలలో ప్రాక్టీసులో అది కుదిరిందని తనకే తెలిసింది. ఆ ఏడాది ఎనిమిది టైటిళ్లు, 2000లో తొమ్మిది, అందులో 15 స్ట్రోకుల తేడాతో గెలిచిన యూఎస్ ఓపెన్ ఒకటి.

ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డోది ఇంకా పొడుగు నిరీక్షణ. 1985లో డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ మార్పు మొదలుపెట్టి, రెండు సీజన్లు టైటిల్ లేకుండా గడిపాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ గెలిచినరోజు ఆఖరి రౌండ్ 18 హోల్స్‌లోనూ పార్ కొట్టాడు.

అయితే ఈ కథలు విని ప్రతివాళ్లూ స్వింగ్ విప్పేయకూడదు. ఐర్లండ్‌కి చెందిన పాడ్రిగ్ హారింగ్టన్ 2007, 2008లలో మూడు మేజర్లు గెలిచి, ఇంకా మెరుగుపరచుకోవాలని మార్పులు చేస్తూ పోయాడు. మళ్లీ మేజర్ గెలవలేదు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్ ఎత్తే తీరు గాల్లో ఉచ్చు వేసినట్టుంటుంది, ఏ పుస్తకంలోనూ ఆ బొమ్మ కనిపించదు. దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడం వల్లే 2016లో అతను పీజీఏ టూర్ చరిత్రలో మొదటి 58 స్కోరు కొట్టాడనిపిస్తుంది. బంతిని తాకే ఆ క్షణంలో అతని క్లబ్ ముఖం, దారి ప్రతిసారీ ఒకేలా ఉంటాయి. ఉచ్చు చూడ్డానికి వింతగా ఉంటుంది, అంతే.

తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ సాహిత్ తీగల. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నప్పటి నుంచి అతని వెన్నెముకకి పక్క వంపు, స్కోలియోసిస్, ఉంది. దానికి తగ్గట్టే అతని స్వింగ్‌లో నడుం పక్కకి వాలుతుంది, చేతుల పని ఎక్కువ ఉంటుంది. పుస్తకంలోని స్వింగ్‌ను ఆ ఒంటి మీద బలవంతంగా తొడగకుండా, ఆ ఒంటికి కుదిరిన స్వింగ్‌నే పదును పెట్టుకున్నాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా మణికట్టు గాయంతో ఒక సీజన్ పోయింది. తిరిగొచ్చి 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ సాధించాడు.

కాబట్టి ఏ తప్పు దిద్దాలి, ఏది వదిలేయాలి? మూడు పరీక్షలు సరిపోతాయి. దానివల్ల బంతి ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతోందా? నొప్పి పుడుతోందా? దూరం స్పష్టంగా తగ్గుతోందా? మూడింటికీ లేదనే జవాబు వస్తే, చూడ్డానికి ఎంత అందవికారంగా ఉన్నా దాన్ని వదిలేయాలి. ఎప్పుడూ ఒకే వైపుకి, ఒకే కొలతలో వంగే బంతితో జీవితమంతా హాయిగా ఆడొచ్చు. నొప్పి ఉంటే మాత్రం వేరే మాట లేదు. నడుమో, మోచేతి లోపలి పక్కో, మణికట్టో నాలుగు రోజులకి మించి నొప్పెడితే కోచ్‌కంటే ముందు డాక్టర్‌ని కలవాలి.

ఇక దిద్దుకునే పని. క్లబ్ పైనుంచి బంతి దాకా దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. అంత తక్కువ కాలంలో మెదడు గమనించి, ఆలోచించి, చేతికి ఆజ్ఞ పంపడం జరగని పని. దిగే స్వింగ్ మధ్యలో మోచెయ్యి దగ్గర పెట్టు, నడుం తిప్పు అని తనకి తాను చెప్పుకునేవాళ్లు ఆలస్యమైపోయిన ఉత్తరాలు రాస్తున్నట్టే. దిద్దుబాటు అంతా నిలబడే తీరులో, క్లబ్ వెనక్కి తీసే తొలి రెండడుగుల్లో, లేదా బాగా నెమ్మదిగా చేసే ఖాళీ స్వింగుల్లో జరగాలి.

తాను చేస్తున్నానని అనుకున్నదీ, నిజంగా చేస్తున్నదీ ఒకటి కావు. కొత్త దారి ఘోరంగా కుడికి పోతున్నట్టు అనిపిస్తే, వీడియోలో అది రెండు డిగ్రీలే మారి ఉంటుంది. ఇక్కడే ఫోన్ అక్కరకొస్తుంది. మామూలు వీడియో సెకనుకి 30 బొమ్మలు తీస్తుంది, దిగే స్వింగ్ అందులో ఏడెనిమిది బొమ్మల్లో అయిపోతుంది. స్లో మోషన్‌లో 240 పెడితే 60 బొమ్మలు దొరుకుతాయి. ఫోన్‌ను చేతుల ఎత్తులో, చేతుల వెనకగా, గురి గీతకి సమాంతరంగా పెట్టాలి. అడుగు పక్కకి జరిగినా క్లబ్ దారి తప్పుగా కనిపించి, లేని జబ్బుకి మందు వేయాల్సొస్తుంది. రెండో కోణం ఛాతీకి ఎదురుగా. ఒక పూట ఒక కోణం, ఒక ప్రశ్న చాలు.

విశాఖపట్నంలో పుట్టి, నాలుగేళ్ల వయసులో కెనడా వెళ్లిన సుదర్శన్ యెల్లమరాజు చిన్నప్పుడు యూట్యూబ్ వీడియోలు చూస్తూ స్వింగ్ నేర్చుకున్నాడు. 2025 జనవరిలో బహామాస్‌లో, పీజీఏ టూర్‌కి కింది మెట్టయిన కార్న్ ఫెర్రీ టూర్ టైటిల్ గెలిచి, 2026 సీజన్‌కి పీజీఏ టూర్ కార్డు సంపాదించాడు. వీడియోల వల్ల నేర్చుకోవచ్చనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ రోజుకో వీడియో చూసి రోజుకో మందు మింగే అలవాటుకి ఈ ఉదాహరణని అడ్డం పెట్టుకోకూడదు. బంతి సాక్ష్యంతో జబ్బు ఫలానా అని తేలాక, దానికి సంబంధించిన ఒక్క వీడియో ఎంచుకుని, నెల రోజులు మరొకటి తెరవకుండా ఉండగలిగితే అది పాఠం అవుతుంది.

మనసు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మంచి పరిశోధన ఉంది. గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో కొత్తగా గోల్ఫ్ నేర్చుకునేవాళ్ల మీద చేసిన ప్రయోగంలో కొందరిని చేతుల ఊపు మీద, కొందరిని క్లబ్ ఊపు మీద ధ్యాస పెట్టమన్నారు. క్లబ్ మీద ధ్యాస పెట్టినవాళ్లే నేర్చుకునేటప్పుడూ, తర్వాత పరీక్షించినప్పుడూ మెరుగ్గా కొట్టారు. మోచెయ్యి గురించి ఆలోచించేకంటే క్లబ్ తల ఏ దారిలో పోవాలో చూసుకోవడం మేలు.

సాధన ఏ తీరులో చేయాలన్న దాని మీద మరో ప్రయోగం బ్యాడ్మింటన్‌లో జరిగింది. చీరాలకి దగ్గర్లోని నాగండ్లలో పుట్టి, మోకాలి శస్త్రచికిత్సల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుణ్యమా అని మన జిల్లాలకి ఆ ఆట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1986లో గూడ్, మగిల్ అనే పరిశోధకులు మూడు రకాల సర్వీసులు నేర్పారు. కొందరు ఒక్కో రోజు ఒక్కో రకమే కొట్టారు, కొందరు మూడూ కలగాపులగంగా కొట్టారు. చివరి పరీక్షలో, ముఖ్యంగా కోర్టు రెండో పక్క నుంచి కొట్టమన్నప్పుడు, కలగాపులగం జట్టే ముందుంది. డ్రైవింగ్ రేంజ్‌లో ఒకే క్లబ్‌తో బుట్టెడు బంతులు కొట్టి, చివర్లో బాగా పడుతున్నాయని సంతోషపడి, కోర్సులో దిగులుపడేవాళ్లకి సమాధానం ఇందులో ఉంది. కొత్త కదలిక తొలి రోజుల్లో ఒకే క్లబ్‌తో కొట్టడం సరే. కాస్త కుదిరాక ప్రతి దెబ్బకీ క్లబ్ మార్చాలి, గురి మార్చాలి, మధ్యలో వెనక్కి వచ్చి మళ్లీ నిలబడాలి.

చీరాల పరిసరాల్లో గోల్ఫ్ కోర్సు లేదు. సెలవులకి ఇంటికొచ్చినవాళ్లు అందుకని సాధన మానక్కర్లేదు. చీరాల దగ్గర ఓడరేవు తీరంలోనో, బాపట్ల దగ్గర సూర్యలంకలోనో తెల్లవారుజామున తడి ఇసుక గట్టిగా ఉంటుంది. వల లాగేవాళ్లకీ, స్నానాలకి వచ్చేవాళ్లకీ దూరంగా, ఎదురుగా ఎవరూ లేని చోట, బంతి లేకుండా ఒక్క ఐరన్ తీసుకెళ్తే చాలు. గురికి అడ్డంగా ఇసుకలో ఒక గీత గీసి, అది పాదాల నడిమికి కాస్త ముందుండేలా నిలబడి సగం స్వింగులు వేయాలి. క్లబ్ ఇసుకని గీత మీదో, గీతకి గురి పక్కనో తవ్వాలి. గీతకి వెనక తవ్వితే మైదానంలో అది ముందు మట్టిని కొట్టి ఆ తర్వాత బంతిని తాకే దెబ్బ అవుతుంది. బరువు కుడికాలి మీదే నిలిచిపోవడం, బంతిని తానే పైకి లేపాలని చూడటం దానికి పెద్ద కారణాలు. బంతిని లేపే పని క్లబ్ ముఖం వాలుదే. 7 నంబర్ ఐరన్‌కి 30 డిగ్రీలకి పైనో కిందో వాలు ఉంటుంది, అది చాలు. గీత పొడుగునా జరుగుతూ పది స్వింగులు వేస్తే, ఆ పది తవ్వులూ వరసగా కంటిముందుంటాయి, వేరే వీడియో అక్కర్లేదు. ఇంటికి రాగానే క్లబ్‌ను మంచినీళ్లతో కడిగి పొడిగా తుడవాలి, ఉప్పు ఇనుముని తినేస్తుంది.

దాబా మీద వల కట్టుకుని కొట్టేవాళ్లకి వంపు కనిపించదు. తగిలిన చోటు, బయల్దేరిన దిక్కు మాత్రం తెలుస్తాయి. మూడు సాక్ష్యాల్లో రెండు చేతిలో ఉన్నట్టే.

సాక్ష్యం నిజాయితీగా తీసుకోవడం అనుకున్నంత తేలిక కాదు. బాగా పడిన బంతులు గుర్తుంటాయి, మిగతావి గాలి వల్లో నేల వల్లో అయిపోతాయి. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో సాహిత్ తీగల బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తూ ఇసుక తగిలిందని అనుమానపడ్డాడు. వేరెవరూ ఎత్తిచూపకముందే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది, టోర్నీలో మూడో స్థానంతో ముగించాడు. ఆ రెండూ పడకపోతే రెండో స్థానంతో సమానంగా నిలిచేవాడు. అన్ని కోట్ల డాలర్ల ఆటలో కొన్ని ఇసుక రేణువుల కదలికని గమనించి ఒప్పుకోగలిగిన ఆ మనిషికి తన స్వింగ్ గురించి కూడా నిజమే తెలుస్తుంది.

కొత్త టెక్నిక్‌తో మొదటిసారి కోర్సులో దిగేది విశాఖ ఈస్ట్ పాయింట్‌లో అయినా, గోల్కొండ నయాఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో అయినా, ఆ రౌండ్ స్కోరు రాయకపోవడం మంచిది. స్కోరు కార్డు గళ్లలో ప్రతి టీ షాట్‌కీ రెండు గుర్తులు వేసుకోవాలి: బయల్దేరిన దిక్కు, వంగిన దిక్కు. విశాఖలో సముద్రపు గాలి పక్కనుంచి కొట్టే హోల్స్‌ని లెక్కలోంచి తీసేయాలి, ఎదురుగాలి వంపుని పెంచి చూపిస్తుంది కాబట్టి దాన్నీ నమ్మకూడదు. అనుకున్నట్టే ఏదో ఒక హోల్‌లో నీళ్లో గోడో కుడిపక్క కనిపించగానే పాత స్లైస్ తిరిగొస్తుంది. అప్పుడు స్వింగ్ విప్పి చూసుకోకుండా, డ్రైవర్ సంచిలో పెట్టి, సగం స్వింగ్‌తో ఐరన్ కొట్టి ముందుకెళ్లాలి. రౌండ్ అయ్యాక కార్డు మీద గుర్తులు లెక్కపెడితే, మర్నాడు రేంజ్‌లో పట్టు మీద పనిచేయాలో దారి మీద పనిచేయాలో అక్కడే రాసి ఉంటుంది.